తల చెరిగిన ఏడు

నా కుడి మోకాలు భేషుగ్గా ఉందట.
ఉత్తరంలో రాశారు. నిజమే,
దాని మీద నాకేం ఫిర్యాదు లేదు.
యాభై చిల్లర ఏళ్లుగా రెండు కాళ్ల బరువూ
ఒక్కతే మోస్తోంది పాపం.

నేనడిగింది ఎడమదాని గురించి.

"సర్వీసులో ఉండగా గాయమైనట్టు
రికార్డులో దాఖలా లేదు.
తిరస్కరించడమైనది."
అయినది. ఎవరూ చేయలేదు,
దానంతటదే అయినది.
కింద సంతకం కూడా రబ్బరు ముద్ర.

ఫిబ్రవరి. నెబ్రాస్కాలో మంచు
గట్లన్నీ చెరిపేసి
ఏ మొక్కజొన్న కొయ్యకాళ్లు ఎవరివో
తెలియనివ్వని నెల.
వంటింటి బల్ల మీద నా ఫైలు పరిచాను,
మూడొందల పద్నాలుగు పేజీలు.
పక్కన కాఫీ, భూతద్దం,
బతికున్నప్పుడు మా ఆవిడ
టాక్సు లెక్కలకి వాడిన ఎర్ర పెన్సిలు.

నూట ఆరో పేజీలో నాకు ఆపరేషన్ అయింది.
జర్మనీలో, మార్చి పంతొమ్మిదిన, అపెండిక్స్.
మార్చి పంతొమ్మిదిన నేను
ప్లేకూ రోడ్డు మీద ట్రక్కు కింద దూరి
ఇరుసు బిగిస్తున్నాను.
ముందు బండి పేలింది.
తర్వాత చాలాసేపు లోకమంతా
నీళ్లలో ముంచిన గంటలా మోగింది.
ఎడమ చెవిలో అది ఇంకా ఆగలేదు.

సోమవారం, కౌంటీ కోర్టు కింది అంతస్తులో
గ్రెచెన్ ఓస్ట్‌మేయర్ ముందు చొక్కా ఎత్తాను.
"చూడమ్మా, కోత ఉందా?"
డెబ్భై ఆరేళ్ల పొట్ట.
ఆవిడ కళ్లజోడు సర్దుకుని, నవ్వకుండా
"లేదు" అని రాసుకుంది.
లేని మచ్చకి డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంది.
ఉన్న దెబ్బకి రుజువు లేదు గనక
లేని కోతతో మొదలెడదాం అంది.

తప్పు దొరకడానికి మూడు వారాలు పట్టింది.
సర్వీసు నంబరు చివర నాది ఏడు.
కార్బన్ కాపీలో ఏడు తల పడలేదు.
మిగిలింది ఒకటి.
ఒకటి ఇంకొకడిది.
ఇద్దరం డబ్ల్యూ. జె. కోబ్జాలమే.
నేను వెండెల్, అతను వాల్టర్.

అలబామాకి ఫోన్ చేశాను, రూఫస్ టాల్‌మన్‌కి.
వణికే చేత్తో రాసి పంపాడు:
"పక్కనే ఉన్నాను. పేలింది ఎడమ వైపు.
వీణ్ని మోసింది నేనే. బరువు బాగా గుర్తు."

గడువుకి పదకొండు రోజుల ముందు
అప్పీలు సిద్ధమైంది.
సంతకం పెట్టబోయి ఆగాను.

నా ఫైల్లో వాల్టర్ పేజీలు నలభై ఒకటి.
అపెండిక్స్ తర్వాత, ద్రావకాల డ్రమ్ములు
కడిగే డ్యూటీ, ఆర్నెల్లు.
దగ్గు. మళ్లీ దగ్గు. నెత్తురు, కొంచెం.
పళ్ల డాక్టరు గీసిన దవడ బొమ్మ.
అమ్మకి డబ్బు పంపిన రసీదు,
పద్దెనిమిది డాలర్లు.
ఇన్నేళ్లూ నా పేరు కింద దగ్గాడు,
నాకు తెలీదు.

పోయాడు, అని వెతికి చెప్పింది గ్రెచెన్.
భార్య ఆర్డిత్. దక్షిణ డకోటా.
ఆవిడకీ ఒక ఉత్తరం వచ్చే ఉంటుంది:
మీ భర్త ఆ డ్రమ్ములు ముట్టుకున్నట్టు దాఖలా లేదు,
తిరస్కరించడమైనది.

"ఆ కాగితాలు నువ్వు ఇవ్వకూడదు,
ఆఫీసే పంపాలి" అంది గ్రెచెన్.
సరే. అప్పీలు చివర, ఖాళీ వదిలిన చోట
నా చేత్తో నేనే రాశాను:
నాది నాకివ్వండి.
అతనిది అతని ఇంటికి పంపండి.

కాగితాలు వెళ్లకూడదు.
మనిషి వెళ్లకూడదని ఏ రూల్లోనూ లేదు.
మార్చి పంతొమ్మిదిన పికప్ తీశాను.
దారి పొడుగునా ఎడమ కాలు
క్లచ్ మీద సణుగుతూనే ఉంది.

తలుపు తీసిన ఆవిడ చేతులకి పిండి.
"కోబ్జా" అన్నాను.
"ఆయన లేరు" అంది,
ఆ మాట అలవాటైపోయిన గొంతుతో.
ఇంకేదో కూడా అంది. వినబడలేదు.
కుడి చెవి అటు తిప్పాను.

"ఏ కోబ్జా?" అంది.